స్థూలకాయం, బీఎంఐ కోడింగ్: కొలత నుంచి క్లెయిమ్ దాకా తప్పు లేకుండా చేయడం ఎలా?

తిరుపతి, చిత్తూరుల్లో మెడికల్ కోడింగ్ (రోగి రికార్డులోని జబ్బులను బీమా క్లెయిమ్ కోసం కోడ్లుగా మార్చే పని) నేర్చుకుంటున్నవారు, చెన్నై, బెంగళూరు కంపెనీల కోసం ఇంటి నుంచే అమెరికా చార్టులు, అంటే రోగుల రికార్డులు చూస్తున్నవారు, ఇక్కడి ఆసుపత్రుల మెడికల్ రికార్డ్స్ విభాగాల్లో పనిచేస్తున్నవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. చార్టులో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 41 అని స్పష్టంగా కనబడుతున్నప్పుడు తీవ్ర స్థూలకాయం కోడ్ వేస్తే ఆడిట్‌లో తప్పుగా ఎందుకు లెక్కిస్తున్నారు?

ఎందుకంటే బీఎంఐ ఒక కొలత మాత్రమే, అది నిర్ధారణ కాదు. వైద్యుడు రాసిన మాట నిర్ధారణ అవుతుంది. కొలత ఆ మాటకు తోడుగా వస్తుంది. మాట ముందు, దాని కోడ్ తర్వాత, బీఎంఐ కోడ్ చివర అనే ఈ వరుస పట్టుబడితే ఈ అంశంలో వచ్చే తప్పుల్లో చాలా భాగం వాటంతట అవే తొలగిపోతాయి. కింద చెప్పేదంతా ఆ వరుసను నిలబెట్టడం కోసమే.

కోడ్ల మొదటి అక్షరాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను: ఇ66, జెడ్68, ఓ99 అన్నట్టుగా. క్లెయిమ్‌లో వాటి స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి. ఓ99లో మొదటిది అక్షరమే గాని సున్నా కాదని కొత్తవారు గుర్తుంచుకోవాలి.

1. ముందు ఏ వర్గీకరణలో పనిచేస్తున్నారో తేల్చుకోండి

అమెరికా చార్టులకు ఐసీడీ-10-సీఎం, అంటే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10కి అమెరికా చేసుకున్న ప్రతి, వాడతారు. మన ఆసుపత్రుల్లో వ్యాధుల గణాంకాలకు వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఐసీడీ-10. రెండింటిలోనూ ఇ66 అంటే స్థూలకాయమే అయినా లోపలి విభజన ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతిలో ఇ66.0, ఇ66.1, ఇ66.2, ఇ66.8, ఇ66.9 అనే నాలుగక్షరాల కోడ్లే ఉంటాయి. ఇ66.01 (తీవ్ర స్థూలకాయం), ఇ66.813 (క్లాస్ 3 స్థూలకాయం) వంటివి గాని, బీఎంఐ కోసం ప్రత్యేకించిన జెడ్68 గాని అందులో లేవు.

అందువల్ల పగలు స్థానిక ఆసుపత్రిలో, సాయంత్రం అమెరికా ప్రాజెక్టులో పనిచేసేవారు రెండింటినీ కలపకూడదు. స్థానిక రిజిస్టర్‌లో ఇ66.813 రాస్తే ఆ వర్గీకరణలో లేని కోడ్ నమోదవుతుంది. అక్కడ ఇ66.0 లేదా ఇ66.9 రాసి, బీఎంఐ సంఖ్యను కేస్ షీట్‌లోనే స్పష్టంగా ఉంచాలి.

ఐసీడీ-10-సీఎం ఏటా అక్టోబర్ 1 నుంచి కొత్తదవుతుంది. ఏ కోడ్ చెల్లుతుందో నిర్ణయించేది మీరు చార్టు తెరిచిన తేదీ కాదు. ఓపీ రోగికి సేవ అందిన తేదీ, ఇన్‌పేషెంట్‌కు డిశ్చార్జ్ తేదీ. స్థూలకాయం విషయంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే తరగతుల వారీ కోడ్లు 2024 అక్టోబర్ 1 నుంచే అమలులోకి వచ్చాయి. బ్యాక్‌లాగ్‌లో 2024 సెప్టెంబర్ నాటి చార్టు వస్తే, వైద్యుడు క్లాస్ 3 అని రాసినా ఇ66.813 వేయడానికి వీల్లేదు.

2. కొలత దగ్గరే జాగ్రత్త పడండి

ఈ భాగం ముఖ్యంగా నర్సులకు, ఓపీ కౌంటర్ సిబ్బందికి. అయినా కోడర్లు కూడా చదవాలి. తప్పు సంఖ్య ఎలా పుడుతుందో తెలిసినవారే దాన్ని చార్టులో పట్టుకోగలరు.

బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో (ఎత్తు × ఎత్తు) భాగిస్తే వచ్చే విలువ. ఎత్తు వర్గమవుతుంది గనుక ఎత్తులో చిన్న తేడా ఫలితంలో పెద్ద తేడాగా మారుతుంది. పుత్తూరు నుంచి వచ్చిన 46 ఏళ్ల మహిళ ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు అనుకుందాం. బీఎంఐ 36.9 వస్తుంది. కౌంటర్‌లో 158 బదులు 148 అని పడితే అదే బరువుకు 42.0 వస్తుంది. ఒక్క అంకె తేడాతో ఆమె స్థూలకాయంలో రెండో తరగతి (35 నుంచి 39.9) నుంచి మూడో తరగతికి (40, ఆపైన) మారిపోతుంది. అదే 92ను కిలోలు కాక పౌండ్లుగా సాఫ్ట్‌వేర్ తీసుకుంటే 16.7 వచ్చి, ఆమె తక్కువ బరువున్న రోగిగా నమోదవుతుంది.

మన ప్రాంతంలో ఎత్తును అడుగులు, అంగుళాల్లోనూ, బరువును కిలోల్లోనూ చెప్పుకోవడం అలవాటు. తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. "ఐదు రెండు" అని రోగి చెబితే కొందరు 5.2 అడుగులుగా లెక్కిస్తారు. ఐదు అడుగుల రెండు అంగుళాలు అంటే 157.5 సెంటీమీటర్లు, 5.2 అడుగులు అంటే 158.5. "ఐదు పది" అన్నప్పుడు తేడా మరీ పెద్దది: అసలు ఎత్తు 177.8 సెంటీమీటర్లయితే, 5.10 అడుగులుగా తీసుకున్నప్పుడు 155.4 మాత్రమే వస్తుంది. అందుకే ఎత్తును చెప్పించుకోకుండా కొలిచి, సెంటీమీటర్లలోనే రాయాలి.

కొలిచేటప్పుడు పాటించాల్సినవి:

- చెప్పులు విప్పించాలి. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనుకునేలా నిలబెట్టి, చూపు నేరుగా ఉంచమనాలి.
- కొప్పు, క్లిప్పు, పూలు అడ్డం వస్తే జడను పక్కకు జరిపించి కొలబద్ద తలకు తగిలేలా దించాలి. కొప్పు మీద ఆపితే ఎత్తు కొన్ని సెంటీమీటర్లు ఎక్కువగా వస్తుంది, బీఎంఐ తగ్గుతుంది.
- చేతి సంచి, ఫోన్, స్వెట్టర్ పక్కన పెట్టించాలి. తూకం యంత్రం గట్టి నేల మీద, సున్నా దగ్గర ఉండాలి.
- సంఖ్యతో పాటు ప్రమాణం, తేదీ, కొలిచినవారి సంతకం రాయాలి. కొలవలేకపోతే "రోగి చెప్పినది" అని రాయాలి.

మరో మాట. ఓపీలో పదిమంది ముందు బరువును గట్టిగా చదివి వినిపించకండి. సిగ్గుపడిన రోగి మరోసారి యంత్రం ఎక్కడానికి ఇష్టపడక ఏదో ఒక సంఖ్య చెబుతారు. ఆ సంఖ్యే చార్టులోకి ఎక్కుతుంది. తెర పక్కన తూచడానికి ఖర్చేమీ ఉండదు. రోగి గౌరవం, రికార్డు నిజాయితీ రెండూ నిలుస్తాయి.

కాళ్ల వాపు, పొట్టలో నీరు ఉన్నవారిలోనూ, డయాలసిస్ రోగుల్లోనూ, అవయవం తొలగించినవారిలోనూ బరువు శరీరపు అసలు స్థితిని చూపదు. గుండె వైఫల్యంతో చేరిన రోగికి చేరిన రోజు ఒక బీఎంఐ, నీరు దిగిన తర్వాత ఇంకొక బీఎంఐ ఉంటాయి. ఏ బరువును ప్రామాణికంగా తీసుకోవాలో వైద్యుడే నోట్‌లో చెప్పాలి.

3. వైద్యుని నోట్‌లో ఏముండాలి

బీఎంఐ సంఖ్యను నర్సు, డైటీషియన్ వంటివారు నమోదు చేసినా కోడింగ్‌కు తీసుకోవచ్చని ఐసీడీ-10-సీఎం అధికారిక మార్గదర్శకాలు అనుమతిస్తాయి. కానీ అధిక బరువు, స్థూలకాయం వంటి నిర్ధారణను రోగికి చికిత్స చేస్తున్న ప్రొవైడరే (వైద్యుడు లేదా నిర్ధారణ చేసే అర్హత ఉన్నవారు) రాయాలి. నర్సు నోట్‌లో "ఒబీస్" అని ఉన్నా, డైటీషియన్ "క్లాస్ 2 ఒబీసిటీ" అని రాసినా, ప్రొవైడర్ నోట్‌లో ఆ మాట లేకపోతే ఇ66 కోడ్ రాదు. ఇ66 రానప్పుడు, బీఎంఐకి ముడిపడిన మరో నిర్ధారణ లేకపోతే, జెడ్68 కూడా రాదు.

శారీరక పరీక్ష భాగంలో "పొట్ట లావుగా ఉంది, లోపలి అవయవాలు చేతికి తగలడం లేదు" అని రాస్తే అది వర్ణన మాత్రమే, నిర్ధారణ కాదు. అసెస్‌మెంట్‌లో గాని, డిశ్చార్జ్ సమ్మరీలో గాని, హెచ్ అండ్ పీలో (చేరినప్పుడు రాసే రోగ చరిత్ర, పరీక్ష నోట్) గాని నిర్ధారణగా కనిపించాలి.

మంచి నోట్ ఒక్క వాక్యంలో ఎలా ఉంటుందో చూడండి: "క్లాస్ 2 స్థూలకాయం, ఈరోజు బీఎంఐ 36.9, టైప్ 2 మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నాయి. రోజువారీ ఆహారాన్ని సమీక్షించి, డైటీషియన్ దగ్గరకు పంపాను, మూడు నెలల తర్వాత బరువు మళ్లీ చూస్తాను." ఇందులో నిర్ధారణ, తీవ్రత, తాజా కొలత, తోడున్న జబ్బులు, చేసిన పని, చేయబోయే పని అన్నీ ఉన్నాయి. రిస్క్ అడ్జస్ట్‌మెంట్ (రోగి జబ్బులను బట్టి రిస్క్ స్కోరు, చెల్లింపు లెక్కించే) ప్రాజెక్టుల్లో మీట్ అని పిలిచే నాలుగు ఆధారాలు, అంటే పర్యవేక్షణ, మూల్యాంకనం, అంచనా, చికిత్స కూడా ఇందులోనే దొరుకుతాయి.

స్థూలకాయం, తీవ్ర స్థూలకాయం వైద్యపరంగా ఎప్పుడూ ప్రాముఖ్యం ఉన్నవేననీ, ప్రొవైడర్ రాస్తే కోడ్ చేయవచ్చనీ 2018 నాలుగో త్రైమాసికపు కోడింగ్ క్లినిక్ (కోడింగ్ సందేహాలకు అధికారిక జవాబులిచ్చే అమెరికా పత్రిక) స్పష్టం చేసింది. అధిక బరువుకు, అంటే ఇ66.3కు, ఆ వెసులుబాటు లేదు. దానికి మూల్యాంకనమో, చికిత్సో, పరీక్షలో, అదనపు నర్సింగ్ సంరక్షణో, ఆసుపత్రిలో ఎక్కువ రోజుల బసో ఆధారంగా కనిపించాలి.

4. ఇ66 కోడ్‌ను మాటను బట్టి ఎంచుకోండి

పుత్తూరు మహిళ ఉదాహరణకే మళ్లీ వద్దాం. ఆమె శరీరం, బీఎంఐ మారవు. నోట్‌లోని మాట మారితే కోడ్ ఎలా మారుతుందో చూడండి.

- "స్థూలకాయం, బీఎంఐ 36.9": ఇ66.9, జెడ్68.36.
- "క్లాస్ 2 స్థూలకాయం, బీఎంఐ 36.9": ఇ66.812, జెడ్68.36.
- "మధుమేహం, రక్తపోటుతో కూడిన మార్బిడ్ ఒబీసిటీ, బీఎంఐ 36.9" (మార్బిడ్ ఒబీసిటీ అంటే తీవ్ర స్థూలకాయం): ఇ66.01, జెడ్68.36.
- "బీఎంఐ 36.9, బరువు తగ్గమని చెప్పాను": ఇ66 లేదు, జెడ్68 లేదు, క్వెరీ (వైద్యుణ్ని స్పష్టత కోరే రాతపూర్వక ప్రశ్న) పంపాలి.

బీఎంఐ 35 నుంచి 39.9 మధ్య ఉన్నంత మాత్రాన మీరే క్లాస్ 2 అని తేల్చకూడదు. తరగతుల హద్దులు అందరికీ తెలిసినవే: 30 నుంచి 34.9 ఒకటి, 35 నుంచి 39.9 రెండు, 40, అంతకు పైన మూడు. తెలిసినా, తరగతిని ప్రొవైడర్ రాయాల్సిందే. మరోవైపు, బీఎంఐ 36.9కి మార్బిడ్ ఒబీసిటీ అని రాయడం కూడా తప్పు కాదు. 40కి తక్కువైనా 35కి పైన ఉండి, తీవ్రమైన తోడు జబ్బు ఉంటే వైద్యులు ఆ మాట వాడతారు. ఆ తోడు జబ్బు ఏదో నోట్‌లో కనబడితే ఆడిట్‌లో ఆ కోడ్ నిలబడుతుంది.

మిగిలిన కోడ్లు చూద్దాం. మందుల వల్ల వచ్చిన స్థూలకాయానికి ఇ66.1 వేసి, ఆ మందు దుష్ప్రభావం కోడ్‌ను జత చేయాలి. స్టెరాయిడ్ల వల్ల అయితే, చికిత్స సాగుతున్న దశలో టీ38.0ఎక్స్5ఏ వస్తుంది. "మందు వల్ల" అనే సంబంధాన్ని వైద్యుడే రాయాలి; రోగి స్టెరాయిడ్లు వాడుతున్నారని మీరు ఊహించి కలపకూడదు. స్థూలకాయంతో శ్వాస మందగించే ఒబీసిటీ హైపోవెంటిలేషన్ సిండ్రోమ్‌కు ఇ66.2. తీవ్ర స్థూలకాయం అనే అర్థం ఆ కోడ్‌లోనే ఇమిడి ఉంది గనుక దాని పక్కన మళ్లీ ఇ66.01 అక్కర్లేదు. నిద్రలో ఊపిరి ఆగే ఓఎస్ఏ వేరు, అది జీ47.33. ఈ రెండింటినీ ఒకటిగా చూసి ఇ66.2 వేయడం నేను ఆడిట్లలో తరచుగా చూసే తప్పు.

మధుమేహం, స్థూలకాయం రెండూ ఉంటే కొత్తవారు ఇ11ను (టైప్ 2 మధుమేహం) "సమస్యతో కూడిన మధుమేహం"గా మార్చేస్తారు. మధుమేహం కింద స్థూలకాయం ఉపద్రవంగా లేదు. రెండింటినీ విడివిడిగానే కోడ్ చేయాలి.

5. జెడ్68ను చివర వేయండి

పెద్దల బీఎంఐ కోడ్లు 20 ఏళ్లు, ఆపై వయసువారికి. 19.9, అంతకు తక్కువకు జెడ్68.1. తర్వాత 20 నుంచి 39.9 వరకు ఒక్కో పూర్ణాంకానికి ఒక్కో కోడ్: 27.4 ఉంటే జెడ్68.27, 36.9 ఉంటే జెడ్68.36. నలభై దాటాక హద్దులు వెడల్పవుతాయి:

- 40.0 నుంచి 44.9: జెడ్68.41
- 45.0 నుంచి 49.9: జెడ్68.42
- 50.0 నుంచి 59.9: జెడ్68.43
- 60.0 నుంచి 69.9: జెడ్68.44
- 70, ఆపైన: జెడ్68.45

అలవాటు ప్రకారం 40కి జెడ్68.40 అని టైప్ చేసేవారున్నారు. అలాంటి కోడ్ లేదు.

ఇన్‌పేషెంట్ చార్టుల్లో జెడ్68.41 నుంచి జెడ్68.45 వరకు ఉన్నవి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) డీఆర్‌జీ లెక్కలో, అంటే ఒకేలాంటి కేసులను గుంపులు చేసి చెల్లించే పద్ధతిలో, సీసీలుగా (తోడు జబ్బు లేదా ఉపద్రవం) పరిగణన పొందుతాయి. అంటే చెల్లింపు వాటి మీద కూడా ఆధారపడవచ్చు, కాబట్టి ఆడిటర్ చూపు ముందుగా వాటి మీదే పడుతుంది. 39.8, 40.1 అని రెండు సంఖ్యలు ఒకే చార్టులో ఉంటే, ఎక్కువదాన్ని ఎంచుకుని ముందుకెళ్లడం సరికాదు. ఏ కొలత సరైనదో అడిగి తేల్చుకోవాలి.

ఎత్తు, బరువు ఉండి బీఎంఐ లేకపోతే కోడర్ లెక్కించి కోడ్ వేయకూడదు. లెక్కించడం మాత్రం తప్పు కాదు. చార్టులోని సంఖ్య నిజమో కాదో పరీక్షించడానికీ, క్వెరీలో సూచికగా చూపడానికీ ఆ లెక్క ఉపయోగపడుతుంది.

6. భారతీయుల హద్దులతో వచ్చే చిక్కు

దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే స్థానిక వైద్యుల నోట్లు చదివి పెరిగిన కోడర్లు ఇక్కడే తడబడతారు.

భారతీయుల్లో తక్కువ బీఎంఐ దగ్గరే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అందుకే 2009లో వచ్చిన భారత నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన 23 నుంచి 24.9 వరకు అధిక బరువు అనీ, 25, ఆపైన స్థూలకాయం అనీ నిర్ణయించింది. తిరుపతి వైద్యుడు బీఎంఐ 26 ఉన్న రోగికి స్థూలకాయం అని రాస్తే అది ఇక్కడి ప్రమాణానికి సరైనదే. అమెరికా చార్టులో సాధారణంగా అదే 26 అధిక బరువు కిందికి వస్తుంది.

మీరు చేయాల్సింది ఇది. స్థానిక రికార్డులో వైద్యుడు రాసినదాన్నే కోడ్ చేయండి, అమెరికా హద్దులతో దాన్ని కొట్టివేయకండి. అమెరికా చార్టులో ప్రొవైడర్ అధిక బరువు అని రాస్తే, రోగి పేరు చూసి ఆసియా వాసి అనుకుని స్థూలకాయంగా మార్చకండి. అక్కడ 27కి స్థూలకాయం అని ప్రొవైడర్ రాసి ఉంటే కోడ్ అతని మాటను బట్టే వస్తుంది. సందేహం ఉంటే వైద్యపరమైన ఆధారం కోసం క్వెరీ పంపవచ్చు గాని, కోడర్ తానే కోడ్ మార్చకూడదు.

7. పిల్లలు, పందొమ్మిదేళ్ల విద్యార్థులు

రెండేళ్ల నుంచి 19 ఏళ్ల వరకు జెడ్68.51 మొదలు జెడ్68.56 దాకా ఉన్న కోడ్లు వాడాలి. ఇవి అమెరికాలోని సీడీసీ (వ్యాధి నియంత్రణ సంస్థ) పెరుగుదల పట్టికల పర్సెంటైళ్ల మీద, అంటే అదే వయసు, లింగం ఉన్న వందమంది పిల్లల్లో ఎన్నో స్థానమనే లెక్క మీద నడుస్తాయి. 19 ఏళ్ల కళాశాల విద్యార్థికి బీఎంఐ 34 ఉంటే జెడ్68.34 వేయడం చాలామంది చేసే తప్పు. అతని చార్టులో పర్సెంటైల్ ఉండాలి, లేకపోతే అడగాలి.

2024 అక్టోబర్ 1 నుంచి 95వ పర్సెంటైల్ పైన మూడు భాగాలయ్యాయి. 95వ పర్సెంటైల్ నుంచి ఆ విలువలో 120 శాతానికి లోపు జెడ్68.54, 120 నుంచి 140 శాతానికి లోపు జెడ్68.55, 140 శాతం, ఆపైన జెడ్68.56. ఆ వయసుకు 95వ పర్సెంటైల్ విలువ 25 అనుకుంటే, 120 శాతం అంటే 30, 140 శాతం అంటే 35. ఇక్కడ శాతం, పర్సెంటైల్ అనేవి రెండు వేర్వేరు లెక్కలని గమనించాలి.

మన పిల్లల వైద్యులు ఐదేళ్లు దాటినవారికి 2015 నాటి ఐఏపీ (భారత పిల్లల వైద్యుల సంఘం) పట్టికలు వాడతారు. అందులో పెద్దల 23, 27 బీఎంఐలకు సమానమైన గీతలు అధిక బరువును, స్థూలకాయాన్ని చూపుతాయి. ఆ పట్టికలో వచ్చిన ఫలితాన్ని జెడ్68.5 కోడ్లకు మార్చకండి.

8. గర్భిణులు

గర్భధారణ సమయంలో బీఎంఐ కోడ్ వేయకూడదు. అధికారిక మార్గదర్శకం ఇది సూటిగా చెబుతోంది. స్థూలకాయం ఉందని ప్రొవైడర్ రాస్తే మొదట ఓ99.21 వరుసలోని కోడ్ వస్తుంది: మొదటి త్రైమాసికానికి ఓ99.211, రెండోదానికి ఓ99.212, మూడోదానికి ఓ99.213, కాన్పు సమయానికి ఓ99.214, బాలింత దశకు ఓ99.215. దాని తర్వాత స్థూలకాయం రకం చెప్పే ఇ66 కోడ్, బాలింత దశలో తప్ప గర్భం ఎన్నో వారమో చెప్పే జెడ్3ఏ కోడ్ జత చేయాలి.

14 వారాలు నిండేదాకా మొదటి త్రైమాసికం, 28 నిండేదాకా రెండోది, అక్కడి నుంచి కాన్పు వరకు మూడోది. నెలల లెక్కతో పోల్చి త్రైమాసికాన్ని ఊహించకండి, వారాలనే చూడండి.

9. క్వెరీ రాసే పద్ధతి

మంచి క్వెరీ వైద్యుని చేత ఒక జవాబు చెప్పించడానికి ప్రయత్నించదు. చార్టులో ఉన్నదాన్ని ముందు పెట్టి, నిర్ణయం ఆయనకే వదులుతుంది. పుత్తూరు మహిళ చార్టులో నిర్ధారణ లేదనుకుంటే ఇలా రాయవచ్చు:

"నర్సింగ్ నోట్‌లో ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, బీఎంఐ 36.9 నమోదయ్యాయి. ప్రోగ్రెస్ నోట్‌లో బరువు తగ్గడానికి ఆహార సలహా ఇచ్చినట్టు ఉంది. ఈ అంశాలకు సంబంధించిన నిర్ధారణ ఏదైనా ఉంటే దయచేసి నమోదు చేయగలరు: అధిక బరువు; స్థూలకాయం (తరగతితో సహా); తీవ్ర స్థూలకాయం (తోడు జబ్బులతో సహా); ఇతర నిర్ధారణ; చెప్పలేను; వైద్యపరంగా ప్రాముఖ్యం లేదు."

క్వెరీలో కోడ్ సంఖ్య, చెల్లింపు, స్కోరు ప్రస్తావన రాకూడదు. "మార్బిడ్ ఒబీసిటీ అని చేర్చండి" అని రాయకూడదు. అలా తెచ్చుకున్న నిర్ధారణ ఆడిట్‌లో నిలవదు. పైగా వైద్యునికి మీ క్వెరీల మీద నమ్మకం పోతుంది.

ఇంటి నుంచి పనిచేసేవారికి ఒక గట్టి హెచ్చరిక. సందేహం తీర్చుకోవడానికి చార్టు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పేరు చెరిపేసినా తేదీ, ఆసుపత్రి, రికార్డు సంఖ్యల ద్వారా రోగి ఎవరో తెలిసిపోవచ్చు. సందేహాన్ని మీ మాటల్లో, రోగి వివరాలు లేకుండా అడగండి.

10. ఆడిట్‌లో తరచూ బయటపడే తప్పులు, వాటి దిద్దుబాటు

పాత నిర్ధారణ కాపీ అవడం: మూడేళ్ల క్రితం తీవ్ర స్థూలకాయం అని రాసిన మాట ప్రతి నోట్‌లోనూ అలాగే వస్తుంటుంది, ఈలోగా బేరియాట్రిక్ (బరువు తగ్గించే) శస్త్రచికిత్స జరిగి బీఎంఐ 28కి దిగి ఉంటుంది. తాజా కొలతకు, మాటకు పొంతన లేదు గనుక క్వెరీ పంపాలి. అది గతం మాత్రమేనని ప్రొవైడర్ చెబితే ఇ66.01 తీసేసి, శస్త్రచికిత్స జరిగిన స్థితికి జెడ్98.84, పాత జబ్బు చరిత్రకు జెడ్86.39 వేయాలి.

వేరే రోజు బీఎంఐ వాడటం: ఈరోజు నోట్‌లో నిర్ధారణ ఉండి, కొలత గత సందర్శనలోది అయితే దాన్ని ఈ క్లెయిమ్‌కు తేకూడదు. నిర్ధారణను మాత్రమే కోడ్ చేసి, ప్రతి సందర్శనలోనూ కొలవమని క్లినిక్‌కు చెప్పించాలి.

మొదటి స్థానంలో జెడ్68: బీఎంఐ కోడ్ ఎప్పుడూ ద్వితీయ నిర్ధారణే. రోగి బరువు తగ్గే చికిత్సకే వస్తే ఇ66 ముందు రావచ్చు. ఆహార సలహా జరిగితే జెడ్71.3 తోడవుతుంది. మధుమేహ సమీక్షకు వస్తే మధుమేహం ముందుంటుంది.

కౌన్సెలింగ్ సమయం రాయకపోవడం: మెడికేర్‌లో స్థూలకాయ కౌన్సెలింగ్ కోడ్ జీ0447 పదిహేను నిమిషాల సేవకు, బీఎంఐ 30, ఆపైన ఉన్నవారికి వర్తిస్తుంది. మొదటి నెల వారానికోసారి, రెండు నుంచి ఆరో నెల వరకు రెండు వారాలకోసారి అనుమతి ఉంటుంది. ఆరు నెలల్లో కనీసం మూడు కిలోలు తగ్గితేనే ఏడో నెల నుంచి నెలకోసారి కొనసాగుతుంది. అందువల్ల మొదటి రోజు బరువు, ఆరో నెల బరువు రెండూ తేదీలతో రికార్డులో లేకపోతే తర్వాతి క్లెయిములు తిరస్కరణకు గురవుతాయి.

చార్టు మూసే ముందు చూసుకోవలసినవి:

- సేవ తేదీకి ఆ కోడ్ అమలులో ఉందా?
- రోగి వయసు 20 నిండిందా? గర్భిణి కాదు కదా?
- నిర్ధారణను ప్రొవైడరే రాశారా? తరగతి లేదా తీవ్రత ఆయన మాటేనా?
- బీఎంఐ ఈ సందర్శనలోదేనా? ఎత్తు, బరువులకు ఆ సంఖ్య సరిపోతోందా?
- నోట్‌లో ఒకచోట అధిక బరువు, ఇంకొకచోట స్థూలకాయం అని ఉందా? ఉంటే క్వెరీ వెళ్లిందా?
- మందు, శ్వాస సమస్య, పాత శస్త్రచికిత్స ఏదైనా వదిలేశామా?

11. మన దగ్గర బేరియాట్రిక్ శస్త్రచికిత్స క్లెయిమ్‌కు పత్రాలు

స్థానిక ఆసుపత్రుల బీమా విభాగాలకు ఇది అవసరం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల్లో (పాలసీ చెల్లించని ఖర్చులు) ఆరోది స్థూలకాయ చికిత్సకు సంబంధించినది. శస్త్రచికిత్స ఖర్చు ఆ మినహాయింపులో పడకుండా ఉండాలంటే అన్ని షరతులూ నెరవేరాలి: వైద్యుని సలహా, దాన్ని సమర్థించే వైద్య ప్రమాణాలు, 18 ఏళ్లు లేదా అంతకు పైబడిన వయసు, బీఎంఐ 40 లేదా ఆపైన. లేదంటే 35, ఆపైన ఉండి, బరువు తగ్గించే ఇతర తేలికైన పద్ధతులు విఫలమయ్యాక కూడా నిర్దిష్ట తోడు జబ్బు ఉండాలి. ఆ జబ్బులు నాలుగు: స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండర వ్యాధి, కరోనరీ గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 మధుమేహం.

గమనించండి: ఇక్కడ భారతీయుల 25 హద్దు పనికిరాదు, పాలసీలోని 35, 40లే లెక్క. మామూలు రక్తపోటు ఆ నాలుగింటిలో లేదు. కాబట్టి పుత్తూరు మహిళకు 36.9 బీఎంఐతో ప్రీఆథ్ (చికిత్సకు ముందు బీమా అనుమతి కోరే దరఖాస్తు) పంపాలంటే "మధుమేహం ఉంది" అనే ఒక్క మాట చాలదు. అది అదుపులో లేదని చూపే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) నివేదికలు తేదీల వారీగా కావాలి, వాడిన మందులు, డైటీషియన్ సందర్శనలు, అప్పటి బరువులు వరుసగా ఉండాలి. స్లీప్ ఆప్నియా ఆధారంగా పంపితే నిద్ర పరీక్ష నివేదికలో తీవ్రత స్పష్టంగా రాసి ఉండాలి.

టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి వచ్చే ప్రశ్నల్లో చాలా భాగం ఒకే లోపం చుట్టూ తిరుగుతాయి: ఓపీ చీటీలో ఒక ఎత్తు, అడ్మిషన్ షీట్‌లో మరొకటి, అనస్థీషియా నోట్‌లో ఇంకొకటి. ఫైలు పంపే ముందు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పాత అంకెను దిద్దకండి. రోగి ఎత్తు మళ్లీ కొలిపించి, కొత్త తేదీతో, వైద్యుని సంతకంతో విడిగా నమోదు చేయించండి.